ఎర్రతోక బావగారు

అక్కకి మురికంటే పడదు. పడదంటే అందరిలా ముక్కు చిట్లించి ఊరుకునే రకం కాదు. మురికితో ఆమెకి ఇరవై రెండేళ్ళ వైరం, అదీ జీతం తీసుకుని పెంచుకున్న వైరం. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ పక్కన స్టెరిలైజేషన్ గది ఒకటుంది. లోపల వాడిన కత్తులు, కత్తెరలు, పటకార్లు, గుడ్డలు అన్నీ అక్కడికే వస్తాయి. వాటిని రుద్ది, కడిగి, ఆరబెట్టి, మూటకట్టి, మూట మీద ఓ కాగితపు పట్టీ అంటించి, బీరువా అంత ఆటోక్లేవ్‌లో పెట్టి తలుపు బిగించడం ఆమె పని. ఆవిరి తన పని తాను సరిగ్గా చేస్తే పట్టీ మీది గీతలు నల్లబడతాయి. నల్లబడ్డాయంటే ఆ మూటలో ప్రాణమున్నది ఏదీ మిగల్లేదని లెక్క. ఆమె చేతి మీదుగా వెళ్ళిన మూట వల్ల ఇన్నేళ్ళలో ఒక్కరికీ కుట్ల దగ్గర చీము పట్టలేదని పెద్ద నర్సు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అక్క చెప్పదు. పక్కన నిలబడి, ఇది కూడా చెప్పాలా అన్నట్టు మొహం పెడుతుంది.

ఇంట్లోనూ అంతే. కడిగి బోర్లించిన గిన్నెనే వాడబోయే ముందు మళ్ళీ కడుగుతుంది. చుట్టం లేవగానే కుర్చీ తుడుస్తుంది. లేవకముందే తుడిచిందని కొందరు చుట్టాలు చెప్పుకుంటారు. "అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. మా అక్క అడుసు తొక్కకుండానే కాలు కడుగుతుంది" అని తమ్ముడు ఏడిపించేవాడు.

ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరికీ ఆమె అక్కే. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే. వాడికి పదేళ్ళప్పుడు అమ్మ పోయింది, నాన్న అంతకుముందే పోయాడు. పందొమ్మిదేళ్ళ అక్క వాణ్ణి చంకనేసుకున్నంత పని చేసి పెంచింది. పెళ్ళి మాటెత్తిన వాళ్ళతో "ముందు వీడి చదువు కానివ్వండి" అంది. చదువయ్యాక "వీడికో పని దొరకనివ్వండి" అంది. ఆ తరవాత ఎత్తేవాళ్ళే లేకపోయారు. తమ్ముడు అద్దాల కొట్లో కోత పనిలో కుదిరాడు. మంచి పనివాడు. వాడు గీత లాగిన చోట అద్దం అచ్చంగా అక్కడే విరిగేది.

ఆ తమ్ముడు పదకొండేళ్ళ క్రితం ఒక సాయంత్రం ప్లాస్టిక్ సంచిలో వేలెడు చేపని తెచ్చాడు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఇటుక రంగు తోక, మూతికి ఆరు మీసాలు. ఎర్రతోక క్యాట్‌ఫిష్ అంటారట. "పెద్దదవుతుందా?" అని అడిగితే చేపల కొట్టాయన "కొంచెం అవుతుందండీ" అన్నాడట. ఆ కొంచెం ఏమిటో వాళ్ళకి నెలనెలా తెలిసొచ్చింది. మొదటి వారంలోనే పక్కనున్న రెండు బంగారు చేపలు కనబడకుండా పోయాయి. తరవాత నీళ్ళ వేడి చూసే గాజు గొట్టం పోయింది. ఆ గొట్టం మూడో రోజున ఎలా మింగిందో అలాగే బయటికొచ్చింది, పగలకుండా. అక్క దాన్ని వేణ్ణీళ్ళలో మరగబెట్టి మరీ పారేసింది.

చేప పెరిగినప్పుడల్లా తమ్ముడు కొత్త తొట్టి కట్టాడు. నాలుగోది ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, బొటనవేలు మందం అద్దం. గుమ్మంలోంచి పట్టదని పలకలు విడివిడిగా తెచ్చి ముందుగదిలోనే అతికించాడు. తొట్టి పోగా మిగిలిన చోటే ఇల్లు. ఇద్దరూ దాని పక్కనుంచి భుజాలు మడుచుకుని నడిచేవాళ్ళు. చేప మాత్రం కడుపులో చల్ల కదలకుండా అడుగున పడుకుని ఉండేది, మీసాలు రెండు పక్కలా పరుచుకుని.

దానికి బావగారు అని పేరు పెట్టింది తమ్ముడే. "నువ్వు పెళ్ళి చేసుకోకపోవడం వల్ల నాకు బావ లేని లోటుండిపోయిందక్కా. వీడికి మీసాలున్నాయి, పెట్టింది తిని కూర్చుంటాడు, ఎవరేమన్నా పలకడు. ఇంకేం లక్షణాలు కావాలి బావకి?" అన్నాడు. అక్క గరిటె పట్టుకుని వెంటపడింది. ఆ పేరే ఖాయమైపోయింది. తరవాత వాడికి ఆమె సంబంధాలు చూసినప్పుడల్లా "ముందు బావగారు ఒప్పుకోవాలి" అని దాటేసేవాడు.

వాడి అడుగుల చప్పుడు చేపకి తెలుసు. సాయంత్రం వాడు మెట్లెక్కుతుంటే చాలు, అడుగునుంచి లేచి తొట్టి మూలకొచ్చేది. వాడు చెయ్యి నీళ్ళలో పెడితే గడ్డం తెచ్చి అరచేతిలో ఆనించేది. తల నిమిరితే టక్కు టక్కుమని చప్పుడు చేసేది. అది వంటింట్లోకి కూడా వినబడేది. రొయ్యల్ని వాడి వేళ్ళలోంచి తీసుకునేది, వేలికి పన్ను తగలకుండా. నాకు వీడి మొహం చూడబుద్ధి కాదంటూనే అక్క పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు తొట్టి లైటు వేసి వెళ్ళేది. చీకట్లో ఎందుకు పాపం అని.

తొట్టి పక్కన మూడు నీలం డ్రమ్ములుండేవి. నీళ్ళు మోటారుతో వాటిలోకి వెళ్ళి, స్పాంజీల్లోంచీ చిన్న చిన్న మట్టి రింగుల్లోంచీ జారి, మళ్ళీ తొట్టిలో పడేవి. "నీళ్ళు నువ్వే మార్చు, అద్దం నువ్వే తుడువు, కాదనను. డ్రమ్ముల జోలికి మాత్రం వెళ్ళకు. ఆ మురికే బావగారికి ప్రాణం" అని తమ్ముడు ఎన్నోసార్లు చెప్పాడు. విడిచిన చొక్కాల కుప్ప గురించి కూడా వాడు ఇలాగే చెప్పేవాడు: కదపకక్కా, అది అలాగే ఉండాలి అని. అక్క రెండు మాటల్నీ ఒకే గాటన కట్టింది. ఇప్పుడు అనుకుంటే ఏం లాభం గానీ, బద్ధకస్తుడి మాటల్లో కూడా అప్పుడప్పుడూ ఒక నిజం ఉంటుంది, అదెక్కడుందో వెతుక్కునే ఓపిక మనకుండదు.

ఈ ఏడాది మొదట్లో తమ్ముడి ఒంటి మీద కమిలిన మచ్చలు లేచాయి. దేనికీ కొట్టుకోకుండానే. మెట్లెక్కితే ఆయాసం. రక్తం పరీక్ష కాగితం ఆసుపత్రి వాళ్ళు వాడికివ్వలేదు, అక్కకిచ్చారు. ఇరవై రెండేళ్ళు ఆసుపత్రిలో చేసిన మనిషికి ఆ కాగితం చదవడం వచ్చు. రాకపోయుంటే బాగుండుననుకుంది.

ఐదు వారాలు ఆసుపత్రిలో, క్రిమి సోకని అద్దాల గదిలో పెట్టి మందెక్కించాలన్నారు. వాడు రానన్నాడు. చావుకి భయపడని మొండివాడేం కాదు. బావగారిని వదిలి రానన్నాడు, అంతే. "నేను లేకపోతే వాడు తినడక్కా. నీకు వాడంటే పడదు." అక్క వాడి ముందు కూర్చుని వాడి రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వొచ్చేసరికి వాడు ఇదే తొట్టిలో ఇలాగే ఉంటాడు. పూచీ నాది. ఎప్పుడైనా మాట తప్పానా నేను?" తప్పలేదు. అందుకే వాడు వెళ్ళాడు. వెళ్ళేముందు రోజంతా కూర్చుని, కరెంటు పోయినా మోటారు ఆగకుండా ఓ బ్యాటరీ బిగించి వెళ్ళాడు.

మొదటి వారం చేప ఆమె చేతిలోంచి తినలేదు. రెండో వారంలో ఒక రోజు, విసుగొచ్చి "తినండి మహాప్రభో, నేనెంతసేపు వంగి నిలబడను" అని తిడుతుంటే, నెమ్మదిగా వచ్చి వేళ్ళలోంచి రొయ్య తీసుకుంది. ఆమె చెయ్యి నీళ్ళలోనే ఉంచేసింది. చేప గడ్డం తెచ్చి అరచేతిలో పెట్టింది. బరువుగా, చల్లగా. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నారు, అప్పటిదాకా ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు చాలాసేపు ఏడ్చింది. చెయ్యి మాత్రం కడుక్కోవడం మరిచిపోయింది.

నాలుగో వారంలో డాక్టరు ఆమెని వరండాలోకి పిలిచాడు. "మందు పనిచేస్తోందక్కా. వారం పది రోజుల్లో ఇంటికి పంపిస్తాం. కానీ నీ దగ్గర దాచడం బావుండదు. ఈ రకం రక్త క్యాన్సరు మళ్ళీ తిరగబెడుతుంది. ఏడాది. బాగుంటే రెండు." ఆమె తలూపింది. అద్దం దగ్గరికి వెళ్ళి ఫోను చెవికి పెట్టుకుని లోపలున్న తమ్ముడితో "మందు పనిచేస్తోందటరా" అంది. అక్కడితో ఆపేసింది. వాడు బొటనవేలు పైకెత్తి చూపించాడు.

వరండాలో డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇంటికొచ్చినా వాడి ఒంట్లో క్రిముల్ని తట్టుకునే శక్తి ఉండదు, ఇంట్లో బూజు, నిలవ నీళ్ళు, పూలకుండీలు ఉండకూడదు, అక్వేరియం ఉంటే తీసేస్తే మంచిది.

"అది తీసేసేది కాదండీ. ఉంచాలంటే ఏం చెయ్యాలి?"

"అతను చెయ్యి పెట్టకూడదు. శుభ్రంగా ఉంచాలి."

శుభ్రంగా అన్న మాట ఎవరితో అంటున్నాడో డాక్టరు చూసుకోలేదు.

సంగతి విని చేపల కొట్టాయన అన్నాడు: "ఓ రెండు నెలలు మా సిమెంటు తొట్టిలో పెడతానమ్మా. తమ్ముడుగారు కోలుకున్నాక పట్టుకెళ్ళండి." మంచి మాట. చేపకీ మంచిది, మనిషికీ మంచిది. కానీ వాడు గుమ్మంలో అడుగుపెట్టగానే ఖాళీ తొట్టి కనబడుతుంది. తను పూచీ పడింది. వాడికి ఏళ్ళు ఇవ్వడం ఆమె చేతిలో లేదు, కనీసం ఈ చేపనైనా ఇవ్వగలదు. "వద్దండీ, నేను చూసుకుంటాను" అంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి కాదు ఆమె. ఆ ఒక్కసారి మాత్రం పట్టు పట్టింది.

రెండు రోజులు సెలవు పెట్టింది. తొట్టిలో నీళ్ళు అడుగు లోతుకి దించి, చేప ఒక మూల ఉంటే ఇంకో మూల అద్దం రుద్దింది. గులకరాళ్ళు బకెట్లలోకి తీసి కడిగింది. నీళ్ళు దించి, నింపి, మళ్ళీ దించి, మళ్ళీ నింపి, అలా మూడుసార్లు. కుళాయి నీళ్ళ ఘాటు విరగడానికి తమ్ముడు వాడే మందు ప్రతిసారీ కొలిచి పోసింది. మోతాదు తప్పడం ఆమె జన్మలో లేదు.

అప్పుడు డ్రమ్ము మూత తీసింది. తీసి రెండడుగులు వెనక్కి వేసింది. స్పాంజీలన్నీ గోధుమరంగు జిగటతో నిండి ఉన్నాయి. రింగుల మీద వేలితో రాస్తే జారిపోతోంది. ఇన్నేళ్ళూ ఇంటి నడిమధ్యలో ఈ గబ్బు పెట్టుకుని బతికామా అనుకుంది. ఒంట్లో తెల్ల కణాలు లేని పిల్లాడు దీని పక్కన కూర్చుని ఊపిరి తీసుకుంటాడా అనుకుంది. వాడికి ముప్ఫై ఏడేళ్ళు. ఆమె లెక్కలో ఇంకా పిల్లాడే.

స్పాంజీల్ని గంటసేపు మరగబెట్టింది. డ్రమ్ముల్ని బ్లీచింగు నీళ్ళతో తోమి ఏడుసార్లు కడిగింది. రింగులు ఐదు సంచులయ్యాయి. వాటిని ఆసుపత్రికి మోసుకెళ్ళింది. పని లేని వేళ చూసి, రుద్ది, కడిగి, పద్ధతిగా మూటలు కట్టి, పట్టీలు అంటించి ఆటోక్లేవ్‌లో పెట్టింది. తలుపు తీశాక ఒక్కో మూటా చూసుకుంది. ప్రతి పట్టీ మీదా గీతలు నల్లగా, నిండుగా ఉన్నాయి.

అన్నీ బిగించి మోటారు వేసిన సాయంత్రం తొట్టి చూడాల్సిందే. నీళ్ళున్నాయో లేవో తెలియనంత తేట. చేప గాల్లో తేలుతున్నట్టుంది. తోక రంగు ఇంత ఎరుపని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఫోటో తీసి, మర్నాడు అద్దం ఇవతల నిలబడి తమ్ముడికి చూపించింది. వాడికి జ్వరంగా ఉంది. తల ఎత్తి చాలాసేపు చూశాడు. "నాకంటే నువ్వే బాగా చూస్తున్నావక్కా" అన్నాడు.

మూడో రోజు చేప రొయ్య ముట్టలేదు. ఆకలెక్కువై నీరసపడిందేమోనని ఇంకో నాలుగు రొయ్యలు వేసి ఉంచింది. నాలుగో రోజు పొద్దున అది అడుగున పడుకోకుండా పైకొచ్చి నోరు తెరిచి మూస్తోంది. మీసాల కుదుళ్ళు ఎర్రబడ్డాయి. పొట్ట తెలుపు మీద రక్తపు జీరలు. నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి, తేటగా. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. క్రిమి అన్నది లేని నీళ్ళలో జబ్బెలా వస్తుంది?

ఫోను చేస్తే చేపల కొట్టాయన ఉన్నపళంగా వచ్చాడు. తొట్టిని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. జేబులోంచి చిన్న గాజు గొట్టం తీసి, తొట్టి నీళ్ళు పట్టి, సీసాలోంచి నాలుగు చుక్కలు వేశాడు. పసుపు పచ్చగా ఉండాల్సిన నీళ్ళు ముదురు ఆకుపచ్చకి తిరిగాయి.

"డ్రమ్ముల్లో స్పాంజీలేం చేశారమ్మా?"

"మరగబెట్టాను."

"రింగులు?"

"ఆటోక్లేవ్‌లో పెట్టాను. మా ఆసుపత్రిలో."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు. "ఈ చేప రోజూ విసర్జించేది విషమేనమ్మా. ఆ జిగట ఉంది చూశారూ, అదంతా ప్రాణమున్న పురుగే. కంటికి కనబడదు. ఈ విషం తిని బతుకుతుంది. పదకొండేళ్ళుగా అదే కడుగుతోంది ఈ నీళ్ళని."

"నీళ్ళు ఇంత తేటగా ఉన్నాయి కదండీ."

"తేటగానే ఉన్నాయి" అన్నాడాయన. ఆ గాజు గొట్టం ఆమె చేతిలో పెట్టాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు ఇద్దరూ. ఆయన కొట్టుకెళ్ళి తన తొట్ల లోంచి జిగట పట్టిన స్పాంజీలు సంచిలో వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. సగం నీళ్ళు తీసి సగం పోశారు. గంటాగి మళ్ళీ. సాయంత్రం దాకా ఆమె బకెట్లు మోస్తూనే ఉంది. ఆ మురికి స్పాంజీల్ని తన చేతులతో డ్రమ్ములో పెట్టి, పనిచెయ్యండర్రా, పనిచెయ్యండి అని వాటిని బతిమాలింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె మురికిని బతిమాలడం అదే మొదలు.

మర్నాడు పొద్దున పది గంటలప్పుడు చేప ఒక పక్కకి ఒరిగింది. ఆమె చెయ్యి నీళ్ళలో పెట్టి గడ్డం కింద ఆనించింది. అది ఆ చేతిని గుర్తుపట్టిందో లేదో. ఒకసారి టక్కుమంది. ఆ తరవాత మొప్పలు కదల్లేదు. ఆమె చెయ్యి తియ్యలేదు. చేపల కొట్టాయన వచ్చి "ఇంక వదిలెయ్యండమ్మా" అనేదాకా అలాగే ఉంది. పద్నాలుగు కిలోల చేపని ఇద్దరూ దుప్పట్లో మోసుకెళ్ళి పెరట్లో పాతిపెట్టారు. దుప్పటి కొత్తది. తమ్ముడు వస్తాడని కొని, ఉతికి, మడత పెట్టి ఉంచింది.

తమ్ముడు ఇంటికి రావడానికి ఇంకా మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ వాడు అద్దం అవతలినుంచి "బావగారెలా ఉన్నారు?" అని అడిగాడు. ఆమె మూడు రోజులూ బాగున్నాడనే చెప్పింది. వచ్చే దారిలో, ఆటోలో చెప్పింది, వాడి మొహం చూడకుండా. "నేను డ్యూటీలో ఉండగా కరెంటు పోయిందిరా. నీ బ్యాటరీ పనిచెయ్యలేదు. మోటారు ఆగిపోయింది. వచ్చేసరికే అయిపోయింది." ఆ మాట ఆమె మూడు రాత్రులు కూర్చిన మాట. ఏ మనిషినీ తప్పు పట్టని మాట అనుకుంది. కరెంటు మీదికి తోస్తే ఎవరికి నొప్పి?

వాడు అరవలేదు. ఏడవను కూడా లేదు. ఇంటికొచ్చి చేప లేని తొట్టి ముందు కుర్చీ వేసుకుని, మూతికి మాస్కుతో, తలమీద ఒక్క వెంట్రుక లేకుండా కూర్చున్నాడు. మర్నాడు చేతులకి గ్లవుజులు వేసుకుని బ్యాటరీ పెట్టె విప్పి ముందేసుకున్నాడు. తీగలు విప్పాడు, బిగించాడు, కరెంటు ఆపాడు, వేశాడు. బ్యాటరీ చక్కగా పనిచేసింది. పదిసార్లు చూశాడు, పదిసార్లూ పనిచేసింది.

"లూజు కనెక్షనక్కా" అన్నాడు. "ఇప్పుడు కదిలిస్తే అతుక్కుంది. ఆ రోజు అతుక్కోలేదు. ఇది బిగించేటప్పుడే నా వేళ్ళు వణుకుతున్నాయి. నీతో చెప్పలేదు. నేనే చంపుకున్నాను వాణ్ణి."

అక్క ఏదో అనాలని అంది: "పోన్లేరా, ఏం చేస్తాం." అన్నందుకు తనని తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

నాలుగు రోజులు వాడు సరిగ్గా తినలేదు. మాత్రలు ఇస్తే వేసుకున్నాడు, మింగాడో లేదో చూడాల్సి వచ్చింది. ఐదో రోజు మధ్యాహ్నం ఆమె వంటింట్లో గ్లాసులు వేణ్ణీళ్ళలో వేస్తుంటే ముందుగదిలో వాడు ఫోనులో మాట్లాడటం వినబడింది. అద్దాల కొట్టు యజమానితో. "లేదండీ, మానేస్తాను. ఒంట్లో బాగైనా రాను. రెండు తీగలు బిగించలేని చేతులు, అద్దమేం కోస్తాయి?"

ఆమె గ్లాసుల కింద మంట ఆపింది. చేతులు తుడుచుకోలేదు. వెళ్ళి వాడి ముందు నేలమీద కూర్చుంది.

"నీ బ్యాటరీ ఆగలేదురా. కరెంటూ పోలేదు. నేనే చంపాను."

వాడు ఫోను పెట్టేసి చూశాడు. ఆమె ఒక్కటీ దాచకుండా చెప్పింది. డాక్టరు శుభ్రంగా అన్న మాట, కొట్టాయన సిమెంటు తొట్టి, మూడుసార్లు నీళ్ళు, మరిగిన స్పాంజీలు, ఐదు సంచులు, ఆకుపచ్చగా తిరిగిన గొట్టం. దుప్పటి గురించి కూడా. చెప్పడం అయ్యాక, ఇప్పుడు వీడు నన్ను ఏమన్నా సరే పడతాను అనుకుని తలొంచుకుంది.

"రింగుల్ని ఆటోక్లేవ్‌లో పెట్టావా?" అన్నాడు వాడు చివరికి.

"ఆ."

"పట్టీలు అంటించావా?"

"అంటించాను."

వాడి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. బావగారి రింగులకి పట్టీలు అంటించిన అక్కని తలుచుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మాస్కు కిందికి లాగేసి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు, ఐదు రోజులుగా ఏడవనిదంతా. ఆమె వాడి మోకాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

"తిట్టరా" అంది. "ఒక్కసారి తిట్టు."

"నాకోసమే కదా కడిగావు. ఏమని తిట్టను?"

"ఇంకోటి తెద్దాం. కొట్టాయన్ని అడిగాను, వేలెడు పిల్ల ఉందట. డ్రమ్ముల వంక చూస్తే ఒట్టు. నువ్వే పెంచుకో."

వాడు తొట్టి వంక చూశాడు. లోపల నీళ్ళు ఇంకా తియ్యలేదు. మోటారు నడుస్తూనే ఉంది.

"వాడు అంతవడానికి పదకొండేళ్ళు పట్టిందక్కా."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఒక అబద్ధం ఒప్పేసుకున్నావుగా" అన్నాడు వాడు మెల్లగా. "రెండోది కూడా ఒప్పేసుకో. ఆ రోజు డాక్టరు నిన్ను వరండాలోకి పిలవడం చూశాను. నువ్వు అద్దం దగ్గరికొచ్చి, ఒక ముక్క చెప్పి ఆగిపోయావు. నువ్వు అలా మధ్యలో ఆగే మనిషివి కాదు. ఎన్నేళ్ళన్నాడు?"

"ఒరేయ్."

"ఇన్నాళ్ళూ అడగలేదు నేను. ఇప్పుడడుగుతున్నాను."

అబద్ధం కోసం ఆమె వెతుక్కుంది. అక్క కదా, ఒకటి దొరికింది కూడా. కానీ మొన్నటి అబద్ధం ఐదు రోజులు వాణ్ణి ఏం చేసిందో కళ్ళారా చూసింది.

"ఒకటి" అంది. "బాగుంటే రెండు."

కొట్లో ఎవరైనా కిటికీ కొలతలు చెబితే, తప్పు పోకుండా ఒకసారి తిరిగి చెప్పుకునే అలవాటు వాడిది. "ఒకటి. బాగుంటే రెండు" అన్నాడు అలాగే. తరవాత కుర్చీలోంచి దిగి, ఆమె వద్దంటున్నా వినకుండా, నేలమీద ఆమె పక్కన కూర్చున్నాడు.